తిరగబడ్డ అక్షరం

“...అద్దం పట్టుకుని తాగమంటావా జనాన్ని, అదైనా చెప్పు” అంటున్నాడు ఫిర్మిన్.

“అరవకు. పీపాలు వింటాయి” అంది గోదెలీవ్.

“విననీ. నువ్వెలాగూ వినవు. ఆ ఎన్ చూడు, మనకి వీపు చూపిస్తోంది.”

నేలమాళిగ మెట్ల దగ్గర వెలుతురులో ఇద్దరూ ఒకే కాగితం పట్టుకుని నిలబడ్డారు. వసంతంలో అమ్మబోయే బీరుకు లేబుల్ నమూనా అది. గంతేస్తున్న కుందేలు, దాని కింద వసంతం అనే అర్థంలో ‘లెంటె’ అన్న ఒక్క మాట. కుందేలు బాగానే ఉంది. మాటలో నడిమి అక్షరం ఎన్ తిరగబడింది.

“నా గీతకి ఈ తిప్పలు లేవు” అంటూ ఫిర్మిన్ సున్నం కుంచె తీసుకుని, పడుకోబెట్టిన సీసాల వైపు వెళ్లాడు. పీపాల్లో పులిసిన లాంబిక్ బీరు పాతదీ కొత్తదీ కలిపి సీసాలకు పట్టడం అతని పని. ఈ చెమ్మలో కాగితం నిలవదు. అందుకే ముందు ప్రతి సీసాకూ ఒక సున్నం గీత గీస్తాడు. ఏ వైపు పైకి ఉండాలో అది చెబుతుంది. లేబుల్ అంటించేది అమ్మేటప్పుడే, మైదా జిగురుతో.

గోదెలీవ్ చెక్కిన మొదటి లేబుల్ ఆమె భర్త రెమి ఇంట్లో కాచిన బీరుది. తాగినవాళ్లంతా లేబుల్‌ను మెచ్చుకున్నారు. బీరు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత వీధిలో బీరు కాచుకునే వాళ్లందరూ ఆమె వంటింటి బల్ల దగ్గరికి వచ్చారు. కసాయి తన క్రిస్మస్ బీరుకు నవ్వే పందిని అడిగాడు. అందులో తన పోలికలున్నాయని అతని పెళ్లాం ఏడాది పాటు గోదెలీవ్‌తో మాట్లాడలేదు. పోను పోను వాళ్లంతా కంప్యూటర్‌లో గీసుకోవడం నేర్చారు. రెమి పోయాడు. ఫిర్మిన్ ఒక్కడే మిగిలాడు.

అచ్చు వేసే లినోలియం ముక్క మీద అక్షరాలు తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడతాయి. మిగతా ఆడవాళ్లు కబుర్లాడుతూ ఊలు అల్లినంత సులువుగా చెక్కేదామె. కిందటి శరత్తులో ఒక ఎస్ ఎటు చూసినా సరిగ్గానే కనిపించింది. ఆ ముక్కను పొయ్యిలో పడేసి ఊరుకుంది. మొన్న బేకరీ బోర్డు ముందు ఎంతసేపు నిలబడిందో, కొట్టువాడు బయటికొచ్చి “బోర్డు అమ్మేది కాదమ్మా” అన్నాడు. నవ్వేసి రొట్టె కొనుక్కుంది. లోపం కళ్లద్దాలది కాదన్నాడు బ్రస్సెల్స్‌లో డాక్టరు. జబ్బు పేరు చెప్పాడు. తగ్గుతుందని మాత్రం అనలేదు.

ఫిర్మిన్ కూతురు హిల్డా ఫోన్ పట్టుకుని మెట్లు దిగింది.

“అత్తా, కోప్పడనంటే ఒకటి చూపిస్తా. నీ పాత లేబుళ్లన్నీ ఇచ్చి కంప్యూటర్ చేత గీయించా. నాన్న ఊరికే సణుగుతున్నాడని.”

గంతేస్తున్న కుందేలు. చెవి కొసన ఉలి జారినట్టు చిన్న గాటు. ఆ గాటు గోదెలీవ్‌దే. పాతికేళ్లుగా ఆమె ఉలి అక్కడే జారుతుంది.

“నీ చెయ్యిలాగే లేదూ?”

“ఉంది” అంది గోదెలీవ్. ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది, దూరం జరిపి చూసింది. “అక్షరాలు సరిగ్గా పడ్డాయా?”

హిల్డా నవ్వింది. “కళ్లెదుటే ఉంది కదత్తా, చూసుకో.”

గోదెలీవ్ ఫోన్‌ను ఇంకోసారి దూరం జరిపింది. సీసాల దగ్గర కుంచె చప్పుడు ఆగింది. ఫిర్మిన్ అటు నుంచే ఆమె ముఖంలోకి చూశాడు. హిల్డా నవ్వు ఆపేసింది.

“ఇంకో ముక్క చెక్కు” అన్నాడు ఫిర్మిన్, గొంతు తగ్గించి. “బీరుకేం తొందర లేదు. వచ్చే వసంతానికి అమ్ముదాం.”

“అప్పటికి నాకు అసలే రాదు.”

“ఎన్ లేని మాటేదైనా పెడదాంలే.”

“ఎస్ కూడా పోయింది, ఫిర్మిన్.”

అతను కుంచెను బక్కెట్ అంచున ఆనించాడు. సున్నం బొట్లు నేల మీద పడుతున్నాయి. గోదెలీవ్ నమూనా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకుంది.

“హిల్డా బొమ్మే అచ్చుకివ్వండి” అంది. “రేపట్నుంచి సున్నం గీతలు నేను గీస్తాను.”