దుమ్ము డబ్బా సాక్ష్యం

మా బావ డెల్మర్ స్టిల్ట్‌నర్ ఎవర్నీ నమ్మడు. కంపెనీని నమ్మడు, యూనియన్‌ని నమ్మడు, వాషింగ్టన్‌ని అసలే నమ్మడు. మా అక్క పోయాక నేనే అప్పుడప్పుడూ చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్తుంటాను. "ఏమే ఓపల్, ఉప్పు తగ్గించమని ఆ డాక్టరు నీకు ఫోన్ చేశాడు కదూ?" అంటూ గరిటతో కెలికి చూస్తాడు. వర్జీనియా కొండల్లో బొగ్గు తవ్వీ తవ్వీ ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో వరండాలో కూర్చుంటున్నాడు. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు మహానుభావుడికి.

కూతురు ట్వైలా ఆయన పనిచేసిన గనిలోనే పైకప్పు కూలకుండా బోల్టులు బిగిస్తుంది. రాతికి బెజ్జం వేసే పని కాబట్టి దుమ్మంతా ముందు ఆమె ముక్కులోకే పోతుంది. "మానెయ్యవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా" అని బావ బతిమాలని పండగ లేదు. "మానేసి పిల్లలకి ఏం పెట్టను నాన్నా, నీ అనుమానాలా?" అని ఆమె హెల్మెట్ తీసుకుని పోతుంది.

గనుల్లో రాతిదుమ్ము పరిమితిని సగానికి తగ్గిస్తూ, గనుల భద్రత చూసే ఫెడరల్ శాఖ ఒక నిబంధన రాసింది. ఇంతలో వాషింగ్టన్‌లో, చట్టాలు చేసే కాంగ్రెస్‌లో ఒక బిల్లు లేచింది. శాఖలు రాసే పెద్ద నిబంధన ఏదైనా సరే, కాంగ్రెస్ రెండు సభలూ ఓటేసి ఒప్పుకుంటేనే చెల్లుతుందట. లేకపోతే చెత్తబుట్టే. ఆ బిల్లు మీద కాంగ్రెస్ కమిటీవాళ్ళు మా ఊరి కోర్టు హాల్లో విచారణ పెట్టారు. బిల్లుని వ్యతిరేకించే కమిటీ సభ్యురాలి మనిషి ఒకతను వచ్చి, సాక్ష్యం చెప్పమని బావని అడిగాడు.

"నీ బూట్లు కొత్తవి. మా ఊరికోసం కొన్నావా?" అన్నాడు బావ. అతను బిక్కచచ్చిపోయాడు. అయినా బావ ఒప్పుకున్నాడు. ఎందుకో నాకూ చెప్పలేదు.

విచారణ రోజు ఊరంతా అక్కడే ఉంది. నా పక్కన ట్వైలా, వెనక వరసలో ఆమె ఫోర్‌మన్. బిల్లు తెచ్చినవాళ్ళ వైపున్న కమిటీ ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ గనుల్లో ఏళ్ళ తరబడి తీసిన కొలతలు చూడండి. దుమ్ము ఎప్పుడూ పరిమితి లోపే ఉంది. ఇంకా కొత్త నిబంధన ఎందుకు? మీరు ఓటేయని వాళ్ళు మీ మీద చట్టాలు రాయడమేమిటి? ఎవరో అధికారి సంతకం ఉంటే చాలా, మీ మాట అక్కర్లేదా?"

జనం చప్పట్లు కొట్టారు. సాక్షి కుర్చీలో ఉన్న మా బావ కూడా కొట్టాడు! పిలిపించినవాళ్ళ ముఖాలు పాలిపోయాయి.

"మీరన్నది సబబే అయ్యా" అన్నాడు బావ. "ఆ ఇన్‌స్పెక్టర్లంటే నాకూ మంటే. కానీ ఆ కొలతలు అబద్ధం."

ఆ సంగతి మా కొండల్లో తెలియనివాళ్ళు లేరు, పైకి అన్నవాళ్ళూ లేరు. దుమ్ము కొలిచే చిన్న డబ్బాని షిఫ్టంతా ఒంటికి తగిలించుకోవాలి. కొలత ఎక్కువొస్తే పని ఆగుతుంది, పని ఆగితే కూలి ఆగుతుంది. అందుకని దాన్ని బయటి గాలి వచ్చే దారిలో వేలాడదీసి, మనుషులు మాత్రం దుమ్ములోకి వెళ్తారు. కొత్తవాళ్ళకి బూట్లు కట్టుకోవడంతోపాటు ఇదీ నేర్పుతారు.

"అంటే మీరు చట్టాన్ని మోసం చేస్తూ బతికారు. ఇప్పుడు ఇంకో చట్టం కావాలంటున్నారా?" అన్నాడు ఛైర్మన్. జనం నవ్వారు. "సరే, మీ కాలం పోయింది. ఇవాళ అలా చేస్తున్న మనిషి ఒక్కరి పేరు చెప్పండి."

బావకి తెలిసిన పేరు నా పక్కనే కూర్చుంది. చెప్తే కూతురి ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే కొలతలే గెలుస్తాయి. బావ తల వంచుకున్నాడు. నోరు విప్పలేదు.

"సాక్షి ఎవరి పేరూ చెప్పలేదని రాసుకోండి" అన్నాడు ఛైర్మన్. అతని పక్కనున్న సభ్యుడు కిసుక్కుమన్నాడు.

ట్వైలా దిగ్గున లేచింది. "ట్వైలా స్టిల్ట్‌నర్! నా పేరు రాసుకోండి! మొన్న కూడా నా డబ్బా గాలి దారిలోనే ఉంది. అక్కడ పెట్టమన్నవాడు ఆ వెనకే కూర్చున్నాడు!"

"మీరు సాక్షుల్లో లేరు. కూర్చోండి" అన్నాడు ఛైర్మన్. ఆ మాట రికార్డులో ఎక్కలేదు. ఫోర్‌మన్‌కి రికార్డుతో పనేముంది?

సోమవారం ట్వైలాని గని గేటు దగ్గరే ఆపేసి, ఇక పనిలోకి రానక్కర్లేదన్నారు. మధ్యాహ్నం ఆమె బావ వరండా మెట్ల దగ్గర నిలబడింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నాన్నా, నిజం చెప్పు. నేను లేస్తానని తెలిసే నోరు మూసుకున్నావా?"

కోర్టు నుంచి వస్తూ కారులో బావ కూనిరాగం తీస్తుంటే నాకూ అదే అనుమానం వచ్చింది. అడగడానికి భయపడ్డాను.

"తెలుసు" అన్నాడు బావ. "నా కూతురివి. నీకు కోపం ఎప్పుడొస్తుందో నాకు తెలీదా?"

"ఎంత పని చేశావయ్యా! ఇంటి అప్పు వాయిదా ఎవరు కడతారు? పిల్లల్నేం చెయ్యను?"

"తిట్టవే తల్లీ. నీకింకా ఊపిరుంది, కరువుతీరా తిట్టు."

ఆమె నిజంగానే తిట్టింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఎత్తుకుని, గుక్క తిప్పుకోకుండా, ఒక్కసారి కూడా దగ్గకుండా తిట్టింది. బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు.