మూడు బాసల తాత

మా ధర్మాబాద్ మిరపకాయ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇవాళ నాందేడ్‌లో మా గల్లీ చివరి గిర్నీలో ఎవరో కారం పట్టిస్తుంటే, తుమ్మీ తుమ్మీ తాతను తలుచుకున్నాను. నా చిన్నతనంలో ఎండలు మొదలై ధర్మాబాద్ బజారులో మిర్చి రాసులు పడ్డాయంటే ఊరంతా తుమ్మేది, పాలు పితకబోతే బర్రెలు తుమ్మేవి, నిజామాబాద్ రైలు స్టేషనుకొచ్చి కూత మరిచి తుమ్మి వెళ్లేది. తుమ్మనివాడూ నవ్వనివాడూ మిర్చి దలాలీ చేసే మా తాత ఒక్కడే.

తాతకు పార్కిన్సన్స్. చెయ్యి వణకడం జబ్బని అందరికీ తెలుసు. మొహం బిగుసుకుపోవడం మాత్రం నాయనమ్మ దృష్టిలో జబ్బు కాదు, అలక. సకినాలు చేసి పెట్టింది, పూరన్‌పోళీ నెయ్యిలో ముంచి పెట్టింది. ఆయన రాతిమొహంతోనే అన్నీ తినేవాడు. నవ్వుతూనే ఉన్నానని సన్నని గొంతుతో అనేవాడు.

"లోపట నవ్వితె నాకేం కనవడ్తది?" అనేది నాయనమ్మ.

పైగా ఆమెతో మాటలు తగ్గించి, రోజంతా ఖాళీ మూలకేసి చూస్తూ కూర్చునేవాడు. చివరికి ఆమె పుట్టింటికి పోతానని పెట్టె సర్దింది. పోయేముందు తాతను నాందేడ్ డాక్టరుకు చూపించే పోతానంది. సకినాల డబ్బాతో నేనూ రైలెక్కాను.

డాక్టరు మరాఠీలో అడిగాడు: "యాంనా భాస్ హోతాత్ కా?"

నిజామాబాద్ నుంచి కోడలై వచ్చిన నాయనమ్మ మరాఠీ, కూరగాయల బేరం దాటలేదు. ఆమెకు బాస అంటే మాట్లాడే భాషే.

"తీన్ ఆతే సాబ్," అంది గర్వంగా. "ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, కోపమస్తె ఉర్దూ."

మరాఠీలో భాస్ అంటే లేనిది ఉన్నట్టు కనబడడం. మూడు రకాలనేసరికి డాక్టరు కలం ఆగిపోయింది. తాత మొహం కదల్లేదు గానీ భుజాలు ఊగాయి, కళ్లనీళ్లు బొటబొటా కారాయి.

"బాస కాదే," అన్నాడు. "మనింట్ల మూలకు తెల్లపిల్లి కూసుంటది. నాకొక్కనికే కనవడ్తది. చెప్తె పిచ్చోడంటరని చెప్పలే."

"అంటె నా మీద అలుగలేదా?"

"నీ సకినాలు తింటదేమోనని కావలున్న."

బిగిసిన మొహం, కనబడే పిల్లి, రెండూ ఆ జబ్బువేనని చెప్పి డాక్టరు మందులు మార్చాడు. ఇంటికి రాగానే పెట్టెలోని చీరలు మళ్లీ అల్మారీలోకి చేరాయి. ఆ తర్వాత నాయనమ్మ, పిల్లి వచ్చిందా అని తాతను అడిగి మరీ సకినాల డబ్బా మూత బిగించేది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. రైలు కూడా తుమ్మడం మానేసింది. ఒట్టేశాను గనుక ఒక్కటి ఒప్పుకోవాలి. రైలు తుమ్మింది నిజమే. తాత భుజాలు ఊగడం, కన్నీళ్లు కారడం నా కల్పన. ఆ రోజు ఆయన మొహంలో ఏదీ కదల్లేదు. నాయనమ్మే ఆయన్ని తేరిపార చూసి, "సూడురా, మీ తాత ఎట్ల నవ్వుతుండో," అంది.

నేను ఎంత చూసినా నాకు కనబడలేదు.