ఎడంచేతి కత్తిరింపు

జుట్టు ఎవరు కత్తిరించారో మెడ వెనక నుంచి చూసి చెప్పేయగలదు ఎర్మెలింద. లిస్బన్‌లో మా మొరరీయా వీధి ఆడవాళ్ళ జుట్లన్నీ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చేతుల్లోనే నెరిశాయి. ముందుగదిలో కొట్టు, వెనకగదిలో కాపురం.

ఆ గదులకి ఏప్రిల్లో నోటీసు వచ్చింది. భవనం మొత్తం ఏదో కంపెనీ కొనేసింది. పర్యాటకులకి రోజువారీ గదులు చేస్తారట, సెప్టెంబరు ఆఖరుకి ఖాళీ చెయ్యాలట. అప్పటికే మా వీధిలో సగం తలుపుల పక్కన పర్యాటకుల కోసం తాళంచెవులు దాచే బుల్లి పెట్టెలు మొలిచాయి. అద్దెదార్ల సంఘం తరఫున నేను కోర్టు మెట్లెక్కాను, ఓడిపోయాను. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. ఎక్కడికి పోవాలి?

రైలెక్కితే కసేం అనే ఊరు. ఎర్మెలింద పిన్ని కూతురు అక్కడ స్టేషను పక్కన చవకలో కొట్టు చూసిపెట్టింది, పైనే ఇల్లు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళ జుట్టు కత్తిరించేవాళ్ళే లేరు. పడవెక్కి నది దాటితే ఆవలి ఒడ్డున బరైరో. వెళ్ళగొట్టిన మా వీధివాళ్ళు చాలామంది చేరింది అక్కడే.

కానీ బరైరోలో లుసీలియా ఉంది. పదహారో ఏట ఎర్మెలింద దగ్గర చీపురు పట్టి, పద్నాలుగేళ్ళు పని నేర్చుకున్న ఎడంచేతివాటం పిల్ల. రెండేళ్ళ కింద తన ఇల్లూ పోతే, బరైరో వెళ్ళి సొంత కుర్చీ వేసుకుంది. ఆనాటి నుంచి ఎర్మెలింద ఆమె పేరెత్తదు. "ఆ ఎడంచెయ్యి" అంటుంది.

జూన్‌లో పునీత అంతోనివారి ఊరేగింపుకి పాతవాళ్ళంతా పడవల్లో వచ్చారు. ఇరవయ్యేళ్ళు ఎర్మెలింద దగ్గరే జుట్టు కత్తిరించుకున్న ఒటీలియా మా ముందే నడుస్తోంది. ఎర్మెలింద నా మోచెయ్యి నొక్కింది.

"చూడవే, మెడ దగ్గర. ఎడమపక్క గోరంత పొడుగుంది."

"ఉంటే?"

"ఉంటేనా! అది ఎడంచేతి కత్తిరింపు."

రెండంగల్లో అందుకుంది. "ఏం ఒటీలియా, తల భలే ఉందే. ఎవరి చెయ్యో?"

ఒటీలియా ముద్దు మరక దాచుకునే కన్నెపిల్లలా మెడమీద చెయ్యేసుకుంది. "ఏం చెయ్యనక్కా, మోకాళ్ళు. పడవ దిగి ఇన్ని మెట్లెక్కి..."

"స్వామికోసం ఎక్కావుగా!"

"స్వామి ఏడాదికోసారి పిలుస్తాడు. జుట్టు నెలనెలా పెరుగుతుంది."

చుట్టుపక్కలవాళ్ళు పకపకా నవ్వారు. మొగుడు వేరే మనిషితో లేచిపోయిన ఏడు కూడా ఎర్మెలింద ముఖం అంతలా మాడలేదు.

మర్నాడే "కసేం ఖాయం" అంది. నిజం చెప్పొద్దూ, నేను సంతోషించాను. పోటీ లేని చోటు, జనం తిరిగే స్టేషను, ఇంకేం కావాలి? కాగితాలు తయారయ్యాయి. సంతకానికి ముందు శనివారం మాత్రం, "ఒక్కసారి బరైరోలో ఆ ఎడంచెయ్యి కొట్టు చూసొద్దాం. దూరం నుంచే" అంది.

దూరం నుంచే అన్న మనిషి గాజు తలుపుకి ముక్కు ఆనించింది. లోపల అయిదుగురు, అందరూ మావాళ్ళే. ఎవరో నారింజ కేకు తెచ్చారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. లుసీలియా కత్తెరతోనే బయటికొచ్చింది.

"లోపలికి రా అక్కా, వీధిలో నిలబడ్డావేం?"

"దారిన పోతున్నాం."

"ఈ దారి చివర గోడే ఉంది. ఎటు పోతున్నట్టో?"

లోపల కిసకిసలు.

"నీకో కుర్చీ వేస్తాను. నాతో ఉండిపో."

"నా కొట్లో చీపురు పట్టినదాని కింద నేనుండాలా?"

"సరే, ఉండకు. ఒటీలియాకి రంగు ఎలా కలపాలో అయినా చెప్పు. రాగిరంగు కావాలంటుంది, వేస్తే వంకాయవుతోంది."

"మందు ఎక్కువసేపు ఉంచుతున్నావ్. పోనీలే, నాకెందుకు!"

తిరుగు పడవలో నేను ఉండబట్టలేకపోయాను. "నిన్ను వీధిన పడేసినవాణ్ణి వదిలేసి, నీలాగే ఇల్లు పోయిన పిల్లమీద పడతావేం? మనలో మనం కొరుక్కు చావడమే వాళ్ళకి కావాలి."

"వాడిమీద కోపం నువ్వు పడుతున్నావుగా, పడు. కంపెనీకి మొహం ఉండదే పిల్లా. కుళ్ళుకోడానికి మొహం కావాలి."

మా సంఘం కరపత్రాల్లో అద్దెలు ఎంత శాతం పెరిగాయో ఉంటుంది. వీధిని ఖాళీ చేయిస్తే మనుషులు ఒకరి మెడలు ఒకరు దొంగచూపులతో చూసుకునే గతి పడుతుందని ఎక్కడా ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

సోమవారం ఆమె కసేం కాగితాలు చింపేసింది. "అక్కడ కూర్చుని, ఎవరి తల దాని చేతిలో ఉందోనని ఊహించుకుంటూ చావలేను. చావాలంటే కళ్ళారా చూసే చస్తాను."

బరైరోలో ఇల్లు చూపించిన కుర్రవాడు మమ్మల్ని ముందు వెనకవైపు వాటాకి తీసుకెళ్ళాడు. వంటగది కిటికీ తీస్తే నది, ఆవలి ఒడ్డున లిస్బన్. అదే అద్దెకి వీధివైపు వాటా కూడా ఉంది. దానికి ఎండ రాదు, గోడంతా చెమ్మ. కిటికీకి సరిగ్గా ఎదురుగా లుసీలియా తలుపు.

"ఇది చాలు" అంది ఎర్మెలింద.

"అమ్మగారూ, అటుపక్క నది ఉందండీ, నది!"

"నదిలో నావాళ్ళెవరున్నారయ్యా?" అని, కిటికీ దగ్గర కుర్చీ ఎక్కడ పడుతుందో అడుగులేసి కొలవసాగింది.