తాతగారి వాటా

బస్తరు సంస్థానానికి కాక్‌టెయిల్ నేర్పింది నేనేనని ఇన్నాళ్లూ కోతలు కోస్తున్నాను. అక్కడి మద్దేడు అనే ఊళ్లో నాకు బస ఇచ్చిన ముసలి రైతు ముత్తయ్య ఇంట్లో, మద్రాసు నుంచి మోసుకెళ్లిన ఇటలీ మూలికల సారాను, ఎర్రగా తీపిచేదుగా ఉండేదాన్ని, అతని ఇప్పసారాలో కలిపి ఆకుదొప్పల్లో పోశాను. ముత్తయ్య మూడు దొప్పలు తాగి చిందేశాడని చెబుతుంటాను.

అబద్ధం. అక్కడ తొలి చుక్కలు నేలమీద ఒంపి చనిపోయిన పెద్దలకిస్తారు. ముత్తయ్య వాసన చూసి దొప్పంతా ఒంపేశాడు.

"అంతా పోసేశావేమిటి?" అన్నాను, ప్రాణం ఉసూరుమని.

"మావోళ్లు జరాలతోటి పోయిండ్రు బాబూ. ఈ కషాయం వాళ్లకే కావాలె. మనకేంది, సారా చాలు."

ఇంకో నిజం. నేను కలిపింది ఒక గుక్క మింగేసరికి నాకూ మా తాత గుర్తొచ్చాడు. మిగతాదంతా భక్తిగా ఆయనకే ఒంపాను. బతికుండగా సారా వాసన తగిలితే స్నానం చేసేవాడాయన.