వెనక ఫోర్ బై ఫోర్ అని రాసున్న బండి

మా బాపు బండిని అమ్మబోయి ముంచేశాను. మాటవరసకు కాదండీ, నిజంగా నీళ్లలోనే.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా, మేము బతకడానికి వలసొచ్చిన డిండోలిలో మా నాలుగు మగ్గాలూ మూతపడే ఉన్నాయి. నూలు తెస్తేనే మగ్గం ఆడుతుంది. బండి అమ్మితేనే నూలు వస్తుంది. కొనడానికి వచ్చినవాడు మల్లేశం కాక. పక్కనే సచిన్ అనే ఊళ్లో ఉన్న బట్టల మిల్లులకు కూలీలను పంపుతాడు. బస్సులు నడవడం లేదు కాబట్టి ఏడు సీట్ల బండి కావాలి.

కాక మాస్కు గడ్డం కిందికి లాగి, బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "కంపెనీయే బంద్ చేసిన బండి. సామాన్లు ఏడ దొర్కుతయి?"

మాట్లాడకురా అని బాపు కళ్లతోనే చెప్పాడు. కానీ ఆ బండిని ఎవరేమన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్ తీసి, ఆ బండి గురించి అందులో ఉన్నది చదవసాగాను.

"సునో కాకా! పొగ రూల్స్ మారినయని ఆపిండ్రు, ఖరాబై కాదు. నేను బడికి పోయెటప్పుడు వచ్చింది, అప్పుడు దీని షాన్ వేరు. జీపు లెక్క ఉక్కు చట్రం. డీజిల్ ఇంజన్. ఎన్క తలుపుకు స్టెప్నీ. ఎన్క సీట్లు ఎదురెదురుగ..."

"బండి కొంటానికి అచ్చిన్నా, పాఠం ఇంటానికి అచ్చిన్నా? వానకు మా గల్లీ మున్గుతది. నీళ్లల్ల పోతదా?"

"ఫోర్ బై ఫోర్ కాకా! నాలుగు చక్రాలూ గుంజుతయి. ఎన్క గంత పెద్దగ రాసుంటే కనవడ్తలేదా?"

"అరేయ్..." అన్నాడు బాపు.

"నువ్వుండు బాపూ!"

ఈ బండి రెండు రకాలుగా వచ్చిందనీ, ఒక రకంలో వెనక చక్రాలు మాత్రమే లాగుతాయనీ అదే ఫోన్‌లో ఉంది. అంత కిందిదాకా చదివే ఓపిక ఎవరికుంది?

కాకను ఎక్కించుకుని తిన్నగా రైల్వే వంతెన కింద నిలిచిన వాననీళ్లలోకి దించాను. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో వీడియో. సరిగ్గా మధ్యలో బండి ఎండాకాలపు బర్రెలా కూర్చుంది. వెనక చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, ముందువి ధ్యానంలో ఉన్నాయి. లోపలికి నీళ్లొచ్చి కాక చెప్పు ఒకటి తేలింది.

"నాలుగూ గుంజుతున్నయా బేటా?" అన్నాడు కాక, చెప్పు అందుకుంటూ.

పని లేక కూర్చున్న మా మగ్గాలవాళ్లు తాడు కట్టి లాగారు. తాడు మొదట్లో బాపు.

బయటపడ్డాక కాక చెప్పు దులుపుకున్నాడు. "ఇంజన్ ఆగలే. తీస్కుంట. కానీ ముందుగాల గా అబద్ధం పీకుండ్రి."

బాపు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎందుకో అర్థం కాలేదు. ఫోర్ బై ఫోర్ అని రాసున్న స్టిక్కర్‌ను నేనే పీకాను. కింద మూరెడు గీత. చూడగానే గుర్తుపట్టాను. నేను రివర్స్ నేర్చుకుంటూ కార్ఖానా గేటుకు గీకింది.

"గది దాచెటందుకే ఏసినరా," అన్నాడు బాపు. "దుకాణంల ఉన్న స్టిక్కర్లన్నిట్ల గదే పెద్దగుండె."

గీత చూశాక కాక రేటు తగ్గించాడు. నాలుగు మగ్గాలకు రావలసిన నూలు రెండింటికే వచ్చింది.

అందుకే, ఆడిన ఆ రెండు మగ్గాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బాపు "అరేయ్" అన్నప్పుడు, దాని తర్వాతి మాట కూడా వింటాను.