గంజ్ మీది ఇంట్లో నీళ్ళ కంప్యూటర్

హైదరాబాదు శివార్లలో ఆ ఏళ్ళల్లో లేచిన అపార్టుమెంట్లలో చాలావాటికి మొదటి గృహప్రవేశం బీదరులోనే జరిగింది. అక్కడి ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో పప్పుల గోదాము మీద అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో నథానియేలు కంప్యూటరు ముందు కూర్చుని వాటిని కట్టేవాడు. ఇంకా పునాది తవ్వని భవనాలకు రంగులు వేసేవాడు, బాల్కనీల్లో పూలకుండీలు పెట్టేవాడు. కింద ఈత కొలను తవ్వి, అందులో నీలం నీళ్ళు నింపి బిల్డర్లకు పంపేవాడు. ఆ బొమ్మలు హైదరాబాదులో హోర్డింగులెక్కేవి.

బొమ్మల్లోని నీళ్ళకు కొదవ లేదు. ఇంట్లో మాత్రం ఆ ఎండాకాలం నల్లా వారానికొకసారి వస్తే గొప్ప. భార్య తబితా ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో కనుక్కుని, డ్రమ్ములు వరసగా పెట్టి నిలబడేది.

ఏప్రిల్ దాటాక కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. గీసినదాన్ని నిజం భవనంలాంటి బొమ్మగా మార్చడానికి గంటల తరబడి ఉడికి ఉడికి, బొమ్మ సగంలో ఉండగా టక్కున ఆగిపోయేది. వేడి హద్దు దాటితే ప్రాసెసరు తనంతట తనే పని ఆపేసుకుంటుంది. మనిషికి ఆ సౌకర్యం లేదు. అందుకే బిల్డరు ఆఫీసు నుంచి ఓంకార్ ఫోను చేస్తే నథానియేలు ఎత్తక తప్పేది కాదు.

"అన్నా, మన టవర్లు ఏమాయె? వెనక చెరువు కనబడాలె, మరువకు."

"ఆడ చెరువు లేదు గద తమ్మీ."

"నువ్వు పెడితె ఉంటది."

ఆ సాయంత్రమే నథానియేలు ఒక నిర్ణయానికి వచ్చాడు. కంప్యూటరుకు నీళ్ళతో చల్లదనం ఏర్పాటు చేయాలి. విదేశాల కుర్రాళ్ళు అలాంటివి బిగిస్తున్న వీడియోలు ఆయన అప్పటికే చాలా చూసి ఉన్నాడు.

తబితా విని, డ్రమ్ము మీద మూత పెట్టింది. "మనుషులకు అర బకెట్టు. దానికి స్నానమా?"

"లీటరు గూడ పట్టదు తబితా. అవే నీళ్ళు మళ్ళ మళ్ళ తిరుగుతుంటయి."

"గసొంటిది మనకు గూడ ఒకటి తెచ్చిపెట్టున్రి."

అక్కడి నుంచి సామాన్ల ఎంపిక మొదలైంది. ప్రాసెసరు నెత్తిన కూర్చుని వేడిని లాక్కునే రాగి బిళ్ళ ఒకటి కావాలి. దాని గుండా నీళ్ళను తోయడానికి పంపు, నీళ్ళు నిలవడానికి చిన్న సీసా, ఆ వేడిని గాలికి వదిలేయడానికి కారుకున్నట్టే ఒక రేడియేటరు, వీటన్నిటినీ కలపడానికి గొట్టాలు, గొట్టాల కొసలకు ఫిట్టింగులు. ఒక్కొక్కదానికి ఎన్ని రకాలున్నాయో చూస్తే మతి పోతుంది. రేడియేటరు మందంగా ఉంటే మంచిదన్నారు కొందరు. మందమైతే ఫ్యాన్లు గట్టిగా తిరగాలి, గోలెక్కువన్నారు ఇంకొందరు. అల్యూమినియంది చవగ్గా దొరుకుతుంది, కాని రాగి బిళ్ళతో జత కలిపితే నీళ్ళలో రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయట. ఈ సంగతి తెలిశాక నథానియేలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"నన్ను చూడనొచ్చిన నాడు చాయ్ తాగేలోపల ఒప్పుకున్నరు," అంది తబితా. "ఈ పంపుకు ఇన్ని దినాలా?"

"పంపు ఇరవై నాలుగు గంటలు నడవాలె," అన్నాడు నథానియేలు తల ఎత్తకుండానే.

ఆ రాత్రి పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది.

సికింద్రాబాదుకు పోయే బస్సులో ముందు సీటు సంపాదించి, కంప్యూటర్ల బజారులో ఎండంతా తిరిగి, రాగి రేడియేటరు, పంపు, గొట్టం, ఫిట్టింగులు మోసుకొచ్చాడు. కొలిచి చూస్తే గొట్టం ఫిట్టింగులో దూరలేదు. గొట్టానికి లోపలి కొలత ఒకటి, బయటి కొలత ఒకటి ఉంటుంది. ఆయన లోపలిది ఒక్కటే అడిగి తెచ్చాడు. తప్పు ఎవరి మీదా వేయడానికి వీల్లేక, మళ్ళీ బస్సెక్కాడు.

సామానంతా కుదిరిన రోజు తబితాకు సెలవు. ఆమె చూస్తుండగా నథానియేలు పాత ఫ్యాను విప్పాడు. దాని కింద వేడిని వదిలే రేకుల మధ్య సందు కనిపించలేదు. కింది గోదాములో కందులు జల్లెడ పట్టినప్పుడల్లా లేచే పొట్టు ధూళి, ఏళ్ళ తరబడి పైకొచ్చి, అక్కడ మందపాటి ఉన్ని కంబళిలాగా పేరుకుపోయి ఉంది. తబితా వేలితో ఒక పొర ఎత్తి వెలుతురుకు పట్టింది.

"ఇది తీసేస్తె చల్లగయితుండె గద?"

నథానియేలు చాలాసేపు ఆ పొరను చూశాడు. నిజమే. ఒక బ్రష్షు, కాసింత ఓపిక చాలేవి. కాని మంచం మీద రాగి రేడియేటరు మెరుస్తోంది. దాని పక్కన నిగనిగలాడే ఫిట్టింగులు.

"అయితుండె," అన్నాడు మెల్లగా. "అయినా, సామాను తెచ్చిన కదా."

బిగించడం పూర్తయింది. గొట్టాల్లో పోయడానికి కావలసిన డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు బ్యాటరీల దుకాణంలో దొంతులుగా ఉన్నాయి. తాగే నీళ్ళకు వీధి వీధంతా క్యూ కట్టిన రోజుల్లో, ఆ నీళ్ళకు మాత్రం ఆయన ఒక్కడే గిరాకీ. తెచ్చి నింపి, కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే నడిపి, ప్రతి కీలు కింద తెల్ల కాగితం పరిచి, తడి ఎక్కడైనా తగులుతుందేమోనని కాచుకు కూర్చున్నాడు. కాగితాలు పొడిగానే ఉన్నాయి. గొట్టాల్లో మాత్రం గాలి బుడగలు ఇరుక్కున్నాయి, పంపు గరగరమంటోంది.

తబితా వంగి చూసింది. "పేషంటుకు సెలైన్ పెట్టినట్టున్నది," అని గొట్టాన్ని చిటికెన వేలి గోటితో నాలుగు చోట్ల తట్టింది. బుడగలు ఒకదాని వెనక ఒకటి కదిలి సీసాలోకి పోయాయి. గరగర ఆగిపోయింది. చాలా కాలానికి ఆ గదిలో ఇద్దరూ ఒకే వస్తువును చూస్తూ కూర్చున్నారు.

కంప్యూటరు మళ్ళీ ఆగలేదు. టవర్లు, బాల్కనీలు, వెనక లేని చెరువు, అన్నీ ఒక్క ఊపున తయారయ్యాయి. నథానియేలు స్వయంగా ఓంకార్‌కు ఫోను చేశాడు.

"ఇగ ఎన్ని బొమ్మలన్న పంపు తమ్మీ. ఇది వేడెక్కది."

"చెప్పుదామనే అనుకుంటున్న అన్నా. ఇగ నువ్వు గీసి ఫైలు పంపితె చాలు. ఉడకబెట్టుడంత మా సార్లు క్లౌడ్‌ల పెద్ద మిషిన్ల మీద చేపిస్తున్నరు. నీ మిషిన్‌కు ఏం తక్లీఫ్ ఉండదు."

అన్నట్టే ఆ మిషన్‌కు ఏ తక్లీఫూ లేకుండా పోయింది. బీదరు జిల్లాలోకెల్లా చల్లని ప్రాసెసరు, చేయడానికి పని లేక, లోపలి నీలి లైటు వెలుతురులో నీళ్ళు తిప్పుకుంటూ కూర్చుంది.

అద్దె విషయం మాట్లాడటానికి పైకొచ్చిన గోదాము యజమాని వీరప్ప గుమ్మంలోనే నిలబడిపోయాడు. వచ్చిన సంగతి మరచి దాని చుట్టూ తిరిగాడు.

"నథానియేలు, గిసొంటిది నా దుకాణంల పెట్టాలె."

"మీ కంప్యూటర్ల ఏం చేస్తరు సావ్కార్?"

"బిల్లులు కొడ్తం. రేట్లు చూస్తం."

"అది వేడి గాదు. మీకు ఇది అక్కర లేదు." నథానియేలు నిజాయితీగానే చెప్పాడు.

"అక్కరుంటె మా తమ్ముడు గూడ పెట్టుకుంటడు," అన్నాడు వీరప్ప. "అక్కర లేకుంట పెట్టుకునేటోడు గంజ్‌ల నేనొక్కణ్ణే ఉండాలె."

ఓంకార్ నుంచి ఈమధ్య ఫోన్లు తగ్గాయి. నథానియేలు కూర్చుని, పంపు ఏది బాగుంటుందో, రేడియేటరు ఎంత మందం ఉండాలో వివరించడం మొదలుపెట్టాడు. వీరప్ప వినలేదు. "నీళ్ళు పసుపు రంగుండాలె," అన్నాడు. "లక్ష్మి కళ ఉంటది."

ఇప్పుడు నథానియేలు బిగించిన వీరప్ప కంప్యూటరు గంజ్ దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఉంది. తెరను గోడవైపు తిప్పేసి, గాజు తలుపున్న పక్కను గిరాకీలకు కనబడేట్టు పెట్టారు. ఔరాద్ నుంచి పెసలు తెచ్చిన రైతులు, హమాలీలు కాసేపు నిలబడి పసుపు నీళ్ళు తిరగడం చూసి పోతారు. దాన్ని ఎక్కువ వాడితే ఎక్కడ పాడవుతుందోనని వీరప్ప బిల్లులు చేత్తోనే రాసిస్తున్నాడు. చిట్గుప్పలో ఫొటో స్టూడియో అతను ఎర్ర రంగు నీళ్ళది కావాలన్నాడట. సామాన్లు తేవడానికి నథానియేలు రేపు పొద్దున బస్సుకు పోతాడు. తబితా టిఫిను కట్టి ఇస్తానంది.