కండెల బుట్ట అడుగున దాచిన డబ్బా

మొన్న మా వీధి అంగన్‌వాడీ గదిలో నర్సమ్మ కొత్తగా పెండ్లయిన ఆడపిల్లలను కూర్చోబెట్టి, కడుపు రాకుండా మగవాళ్ళు వాడే రబ్బరు తొడుగు గురించి చెబుతుంటే, ఒకతి కొంగు నోట్లో కుక్కుకుంది, ఇంకొకతి గోడవైపు తిరిగింది, ఇరవై రెండేళ్ళ మా మనవరాలైతే పొయ్యిమీద పాలు పెట్టి వచ్చానని లేచి పోయింది. మా ఇంట్లో ఆ పూట పాలే లేవు. నాకు ఒళ్ళు మండింది. కానీ నర్సమ్మ ఆఖరున అన్న ఒక మాటకు నేనే కదలలేకపోయాను. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

దొరల పాలన ఇంకా పోని రోజులు, యుద్ధం వల్ల నూలు కంట్రోలులో అంతో ఇంతో దొరికే కాలం. కడప సీమలో మాది మగ్గాల ఇల్లు. మా అక్కనూ నన్నూ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు గనుక మేము తోడికోడళ్ళం కూడా. అక్కకు మూడో కాన్పులో రక్తం ఆగక, బండి కట్టుకొని మిషను ఆసుపత్రికి పోతే, అక్కడి డాక్టరమ్మ ఎలాగో బతికించి, ఇంకో కడుపు వస్తే మనిషి దక్కదని నా ఎదురుగానే చెప్పి, ఒక రేకు డబ్బాలో ఆరు తొడుగులు పెట్టి ఇచ్చింది.

బావ ఆ డబ్బాను ముట్టుకోలేదు. పటాలం నుంచి సెలవుపై వచ్చినవాళ్ళు అవి సానికొంపలకు పోయేటప్పుడు వాడతామని నవ్వుతూ చెప్పుకోవడం ఆయన విన్నాడట, తాళి కట్టినదాని దగ్గర ఆ పాడు వస్తువెందుకని అక్కను కసిరాడట. అక్కకేమో, మళ్ళీ అడిగితే తానే చెడ్డదానిలా కనిపిస్తానని భయం. ఇద్దరూ సిగ్గుతోనే నెలలు గడిపారు. అత్త అక్క పెట్టె వెతుకుతుందని ఆ డబ్బాను నేను నూలు చుట్టిన కండెల బుట్ట అడుగున దాచాను.

మా ఆయనకు అన్న గనుక బావ ఎదుట నిలబడి నేనెన్నడూ మాట్లాడలేదు. ఆ పొద్దు మాత్రం ఆయన నేస్తున్న మగ్గం వెనక నిలబడి అనేశాను.

"బావా, అక్క సస్తే నీకు ఇంగొకతి వస్తాది. నాకు ఇంగొక అక్క యాడ దొరుకుతాది?"

పడుగులో అటూ ఇటూ ఆడే నాడె ఆగిపోయింది. తలెత్తకుండానే, "ఆ డబ్బా యాడుండాది?" అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. ఆరింటినీ జాగ్రత్తగా వాడుకోవాలని, మళ్ళీ అడగబోతే డాక్టరమ్మ ఏమనుకుంటుందోనని, డబ్బా ఇచ్చేముందు మూత తీసి చూశాను. ఎండాకాలం, మిద్దె బండలు కాలిపోతున్నాయి, రబ్బరు పొడిపొడిగా పిండి చల్లినట్టు ఉంది. పగిలిపోతుందేమోనని దిగులు పుట్టింది. పడుగు దారాలు తెగకుండా గంజి పట్టించి నూనె రాసే చేతులు నావి, అదే పనిగా ఒక్కొక్కదానికీ శెనక్కాయల నూనె పూసి, బాగా చేశానని మురిసి, అక్క చేతికిచ్చాను. ఎవరినైనా అడగాల్సింది. కానీ ఎవరిని అడిగేది, ఏ నోటితో అడిగేది?

రెండోసారికే చినిగిందని అక్క చెప్పినప్పుడు, నాసిరకం సరుకని డాక్టరమ్మనే తిట్టుకున్నాను. మళ్ళీ జొన్నలు కోతకు వచ్చే నాటికి అక్క లేదు, బిడ్డ కూడా లేదు. బావ ఆ మగ్గం మీద మళ్ళీ కూర్చోలేదు.

మొన్న నర్సమ్మ అన్నది ఇది: దానికి నూనె తగలనీయకండమ్మా, ఏ నూనైనా సరే, రబ్బరు చెడి చినిగిపోతుంది.

ఇన్నేళ్ళూ ఆ పాపం ఆసుపత్రి మీద వేసి బతికాను. ఇంటికొచ్చి మనవరాలిని పిలిచి, నర్సమ్మ చెప్పింది ఒకసారి నోటితో అను అంటే, "ఛీ, పో అవ్వా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో మాకు ఆసుపత్రి అంటే బండి ప్రయాణం, ఇప్పుడు నర్సమ్మ గడప దాకా వస్తోంది, సిగ్గు మాత్రం అప్పుడున్న చోటే కూర్చుంది. వచ్చే వారం ఆ పిల్లను చెయ్యి పట్టి తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెడతాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోనీ. పోయేనాటికి మా అక్కకు ఇరవై ఏడు నిండలేదు.